వాగు పొంగినా, ఇంట్లో చెయ్యి లేచినా: ఊరి ఆడవాళ్ల అత్యవసర బృందం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వరదకూ, ఇంట్లో కొట్టుడుకూ ఏం సంబంధం? రెండూ ఒకే బృందం ఎందుకు చూడాలె?

వరదొచ్చిన రాత్రి భర్తతో దెబ్బలు తినే మనిషి ఎటు పోతుంది? తలదాచుకోవడానికి బడికి పొమ్మంటే అక్కడా అతనే ఉంటాడు. పుట్టింటికి పోదామంటే వాగు దాటాలి. ఫోనులో చార్జింగ్ ఉండదు. కూలి పోయింది, గొడ్డు పోయింది, చేతిలో పైసా లేదు. పరిహారం వస్తే ఆ డబ్బు మీద కొత్త గొడవ మొదలు. విపత్తు ఒక్కటే హింసను పుట్టించదు. ఉన్న హింసకు తలుపులు మూసి, బయటికి దారి లేకుండా చేస్తుంది. అందుకే పడవ, బియ్యం, బ్లీచింగ్ పౌడర్ చూసే వాళ్లకే ఈ సంగతి కూడా తెలిసుండాలి. వేరే వాళ్లకు వదిలేస్తే ఆ రాత్రికి అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఆడవాళ్లే ఎందుకు ముందుండాలంటే, ఏ ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంది, ఏ ముసలమ్మ కొడుకు హైదరాబాద్‌లో కూలికి పోయాడు, ఏ ఇంట్లో రాత్రి అరుపులు వినిపిస్తాయి అన్నది వాళ్లకు ముందే తెలుసు. ఏ రికార్డులోనూ ఉండని సమాచారం అది.

కొత్త సంఘం పెట్టాల్నా? ఎంతమంది ఉండాలె?

కొత్తది అక్కర్లేదు. గ్రామ సమాఖ్య కింద ఉన్న పొదుపు సంఘాల నుంచే 10–12 మందిని తీసుకోండి. అయితే లెక్క సంఘాన్ని బట్టి కాదు, వాడకట్టును బట్టి వెయ్యండి. ఎస్సీ వాడ నుంచి ఇద్దరు, తండా ఉంటే తండా నుంచి ఇద్దరు, బీసీ వాడకట్టుల నుంచి కొందరు. నల్లమలలో అమ్రాబాద్ వైపయితే చెంచు పెంటకు (గూడేనికి) ఒక్కరైనా ఉండాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ బృందంలో ఉంటే మేలే, కానీ నాయకత్వం వాళ్ల నెత్తిన పెట్టకండి. విపత్తులో వాళ్లకు పైనుంచి వేరే డ్యూటీలు పడతాయి.

పనులు నాలుగు: కబురు, మనుషులను తరలించడం, తలదాచుకునే చోటు, ఆరోగ్యం–హింస. ఒక్కో పనికి ఇద్దరు ముఖ్యులు, వాళ్లు ఊళ్లో లేకపోతే చేసేందుకు మరొకరు. పాలమూరు వైపు ఈ మూడో మనిషి తప్పనిసరి, ఎందుకంటే వలస కాలంలో బృందంలో సగం మంది ఊళ్లో ఉండరు.

మొట్టమొదటి పని ఏది?

జాబితా. ఇంటి లెక్క కాదు, మనిషి లెక్క. రేషన్ కార్డు ప్రకారం రాస్తే కార్డులో పేరున్నవాళ్లే కనిపిస్తారు. ఒంటరి మహిళ, విడిగా బతికే అత్త, కార్డు లేని కోడలు, ట్రాన్స్‌జెండర్ మనిషి అందులో కనబడరు. నారాయణపేట, గద్వాల వైపు దేవతకు అంకితమిచ్చిన జోగిని స్త్రీలు సాయం జాబితాల్లో జారిపోయేదీ ఇక్కడే. అంకితం చేయడాన్ని 1988 చట్టం నిషేధించినా, ఆ బతుకు బతికిన ఆడవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ‘కుటుంబ యజమాని పేరు’ అనే గడి దగ్గర వాళ్ల దరఖాస్తు ఆగిపోతుంది.

ఒక్కో మనిషికి రాసుకోవాల్సినవి: నడవగలదా, కళ్లు చెవులు పనిచేస్తాయా, రోజూ వేసుకునే మందేది, గర్భిణి అయితే ప్రసవం తేదీ, ఇంటి గోడ మట్టిదా, రాత్రి ఆ ఇంట్లో ఇంకెవరుంటారు. ఈ పుస్తకం రెండు ప్రతులు రాసి పాలిథిన్ కవర్లో పెట్టి రెండు వేర్వేరు ఇళ్లల్లో ఉంచండి. మృగశిరకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి సరిచూసుకోండి.

హింస సంగతులు మాత్రం ఈ పుస్తకంలో రాయొద్దు. ఆ పేర్లు ఇద్దరికి నోటిమీద గుర్తుంటే చాలు. పుస్తకం ఎవరి చేతిలోనైనా పడొచ్చు.

వాన హెచ్చరిక మాకు ఎట్ల తెలవాలె? తెలిసినా అందరికీ చేరదు గదా.

వాతావరణ శాఖ రంగులతో చెబుతుంది: పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే కదలమని. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఫోనులో ‘సచేత్’ యాప్ హెచ్చరికలకు, ‘దామిని’ యాప్ పిడుగులకు. పత్తి ఏరేవాళ్లు, నాటేసేవాళ్లు ఉరుము వినబడగానే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి పోవాలి.

కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఊళ్లకు ఇంకో మాట. మీ ఊళ్లో చినుకు పడకపోయినా వరద రావొచ్చు. 2009 అక్టోబర్‌లో రాజోలి, అలంపురం వైపు మునిగింది ఎగువ నుంచి వచ్చిన నీటితోనే. కాబట్టి ఎగువన తుంగభద్ర డ్యాం నుంచి, జూరాల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో కబురు చూసే ఇద్దరికీ రోజూ తెలియాలి. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ నంబరు, తహసీల్దార్ నంబరు, లైన్‌మన్ నంబరు వానాకాలానికి ముందే గోడమీద రాయించండి. ఫోన్ చచ్చిపోతే గోడ చావదు.

చేరడం గురించి: చాటింపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒకసారి వెంట నడిచి చూడండి. చాలా ఊళ్లలో డప్పు కొట్టే మనిషి ఎస్సీ వాడ నుంచే వస్తాడు, చాటింపు మాత్రం ఆ వాడకు చేరదు. తండా రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే అసలే చేరదు. వాట్సాప్ గ్రూపు మీద నమ్మకం పెట్టుకుంటే ఫోను భర్త జేబులో ఉన్న ఆడవాళ్లందరూ తప్పిపోతారు. ఒక్కొక్కరు 10–15 ఇళ్లు పంచుకుని తలుపు తట్టి చెప్పడమే ఖాయమైన పద్ధతి. చెప్పేటప్పుడు ‘వాన ఎక్కువుందట’ అంటే ఎవ్వరూ కదలరు. ‘చీకటి పడేలోపు బడికి రాండ్రి, మందులు, కాగితాలు, ఒక జత బట్టలు తెచ్చుకోండ్రి’ అని చెప్పాలి.

వాగు దగ్గర, చెరువు కట్ట దగ్గర మేమేం చెయ్యగలం?

వాగు దగ్గర చేయాల్సింది ఒక్కటే, ఎవరినీ దాటనీయకపోవడం. జోరుగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా మనిషి కాలు నిలవదు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. 60 దాటితే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. కల్వర్టుకు రెండు వైపులా తాడు కట్టి, ఎర్ర చీర ముక్క వేలాడదీసి, ఇద్దరు నిలబడండి. ఒక్క వైపే కడితే అవతలి ఊరి నుంచి వచ్చే బండి చీకట్లో నేరుగా దిగుతుంది.

చెరువు కట్టకు అలుగు మీదుగా నీళ్లు పోవడం ప్రమాదం కాదు, అలుగు ఉన్నదే అందుకు. అలుగుకు అడ్డం పడ్డ కంపలు, చేపల వలలు తీసేయించండి. చూడాల్సింది కట్ట వెనక, అంటే నీళ్లు లేని వైపు, అడుగున. ఊట తేటగా వస్తే కనిపెట్టుకుని ఉండండి. బురదగా వస్తే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. అప్పుడు కట్ట కింది ఇళ్లను వెంటనే ఖాళీ చేయించి నీటిపారుదల ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు), తహసీల్దార్‌కు చెప్పాలి. ఆ బురద ఊటను బస్తాతో మూసేయడం తప్పు. మూస్తే నీళ్లు పక్కన ఇంకో దారి చేసుకుంటాయి. దాని చుట్టూ ఇసుక బస్తాలను బావి ఒరలా గుండ్రంగా పేర్చి, లోపల నీటిమట్టం లేవనివ్వాలి. నీళ్లు తేటపడే దాకా ఎత్తు పెంచుతూ పోవాలి. బస్తాను సగానికి కొంచెం పైదాకే నింపి మూతి మడవండి. నిండుగా కట్టిన బస్తా పక్క బస్తాతో అతకదు. ఈ పని ఏఈ మనిషో, అనుభవమున్న నీరటికాడో దగ్గరుండి చేయించాలి. కట్ట మీద పగుళ్లు కనిపిస్తే అందరూ దిగిపోవాలి.

ముసురు పట్టిన మూడో రోజు నుంచి మట్టి గోడల ఇళ్లు చూడండి. గోడ అడుగున ఉబ్బినా, కొత్త పగులు వచ్చినా ఆ రాత్రి అక్కడ ఎవరూ పడుకోకూడదు. వాన ఆగి ఎండ కాసిన తర్వాత కూలే గోడలూ ఉన్నాయి.

బళ్లో అందరం ఉన్నప్పుడు ఆడవాళ్లకు ఏమేం చూడాలె?

మనిషికి 3.5 చదరపు మీటర్ల జాగ, రోజుకు 15 లీటర్ల నీళ్లు (తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి కలిపి), 20 మందికి ఒక మరుగుదొడ్డి. అంతర్జాతీయంగా పాటించే కొలతలివి. మరుగుదొడ్లలో ఆడవాళ్లకు మూడయితే మగవాళ్లకు ఒకటి. 20 అడుగులకు 15 అడుగుల తరగతి గదిలో ఎనిమిది మందికి మించి పట్టరన్న మాట. కిక్కిరిస్తే ఎవరు ఎవరి పక్కన పడుకున్నారో తెలియదు, తగువులూ తాకడాలూ అక్కడే మొదలవుతాయి.

మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందా అన్నది మొదటి సాయంత్రమే చూడండి. లేకుంటే బోల్టు, మొలలు, సుత్తి పెట్టెలో సిద్ధంగా ఉంచుకోండి, పావుగంట పని. దారిలో సోలార్ లైటు పెట్టండి. రాత్రి కాపలా ఇద్దరిద్దరు: తొమ్మిది నుంచి ఒంటిగంట, ఒంటిగంట నుంచి ఐదు. ఒంటరి ఆడవాళ్లకు, పసిపిల్లల తల్లులకు వేరే గది. బడి ఆవరణలో మందు తాగకూడదని మొదటి గంటలోనే సర్పంచ్ నోటితో చెప్పించండి. పిల్లలను ఎవరు తీసుకుపోతున్నా పేరు, వేలిముద్ర, తల్లి ఒప్పుకోలు పుస్తకంలో పడాలి. సాయం పేరుతో వచ్చే కొత్త మనుషులకైతే ససేమిరా ఇవ్వకూడదు.

నెలసరికి ప్యాడ్లు పంచి చేతులు దులుపుకుంటారు. గుడ్డ వాడేవాళ్లకు బకెట్, సబ్బు, చాటుగా ఆరేసుకునే తాడు కావాలి. వాడిన ప్యాడ్లకు మూత ఉన్న డబ్బా కావాలి. లేకపోతే అన్నీ మరుగుదొడ్డి గుంతలో పడి, రెండో రోజుకు అది నిండి, ఆడవాళ్లు మళ్లీ చీకట్లో బయటికి పోతారు.

ప్రసవానికి మూడు వారాల్లోపు ఉన్నవాళ్లను ఎరుపు హెచ్చరిక రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. 102 అమ్మ ఒడి బండికి దారి ఉన్నప్పుడే ఫోన్ చేయాలి. వాగు పొంగాక 108 కూడా అవతలి గట్టునే ఆగుతుంది.

నీళ్లు కాచి తాగితే సరిపోదా?

క్రిములకు సరిపోతుంది, ఫ్లోరైడ్‌కు సరిపోదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఇది గుర్తుపెట్టుకోవాలి. వరదకో కరెంటు పోవడానికో మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఆగితే జనం పాత బోరు దగ్గరికి పోతారు. ఆ నీళ్లు కాచితే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లేవో ముందే పరీక్ష చేయించి, ఆ బోరుకు ఎర్ర రంగు వేయండి. తాగడానికి, వంటకు ట్యాంకర్ నీళ్లు, మిగతా పనులకు బోరు.

బావికి బ్లీచింగ్: మంచి పౌడరయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు నీళ్లున్న బావిలో సుమారు 28 వేల లీటర్లు, అంటే 70 గ్రాములు. పౌడర్‌ను నేరుగా చల్లొద్దు. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, ముప్పావు బకెట్ నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు ఆగి, పైతేట మాత్రమే వేరే బకెట్లోకి వంచి బావిలో కలపండి. అడుగున మిగిలేది సున్నం, పారబోయాలి. గంట తర్వాతే తోడుకోవాలి. వరద నీళ్లు దిగిన బావికి ఈ కొలత చాలకపోవచ్చు, పంచాయతీ దగ్గరి క్లోరిన్ పరీక్షలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు వచ్చే దాకా చూడాలి. మూత తీసి ఏడాదైన పౌడర్‌లో క్లోరిన్ ఉండదు. ముక్కు ఘాటెక్కకపోతే అది ఉత్త సున్నమే.

వడగాడ్పుకు కూడా బృందం కావాల్నా?

కావాలి. వరద కొన్ని ఊళ్లకే వస్తుంది, వడగాడ్పు నల్గొండలో ప్రతి ఎండాకాలం ప్రతి ఊరికీ వస్తుంది. పైగా ఆడవాళ్ల మీద అది వేరేగా పడుతుంది. పనిచోట మరుగుదొడ్డి లేదని పొద్దున్నుంచీ నీళ్లు తాగరు. మగవాళ్లు వాకిట్లో మంచం వేసుకుంటే వీళ్లు భయానికి రేకుల ఇంట్లో గడియ పెట్టుకుని పడుకుంటారు. నాలుగైదు ఇళ్ల ఆడవాళ్లు ఒక్క మిద్దె మీద కలిసి పడుకునేలా చేయడం కూడా బృందం పనే.

మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, ఎవరో ఏమిటో గుర్తుపట్టకపోయినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు. 108కు ఫోన్. స్పృహ లేనప్పుడు నోట్లో చుక్క కూడా పోయొద్దు. జ్వరం బిళ్ల దీనికి పనిచేయదు. ఉత్త నీరసమయితే లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, లేదా ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అర లీటరులో కలిపితే చిక్కనై పిల్లలకు చేటు.

ఒకామె వచ్చి ‘కొడుతున్నడు’ అంటే ఏం చెయ్యాలె?

ముందు వినండి. ‘ఎందుకు కొట్టిండు’ అని అడగొద్దు. ‘ఈ రాత్రికి నీకు భయమైతుందా?’ అని అడగండి. గొంతు పిసికాడా, చంపుతానని బెదిరించాడా, కత్తో గొడ్డలో చూపాడా, ఇప్పుడు గర్భంతో ఉందా, విడిచిపోతానని ఆమె చెప్పిందా – ఈ ఐదింటిలో ఒక్కటి అవునన్నా ప్రాణాపాయం కిందే లెక్క. గొంతు పిసికితే పైకి గుర్తు కనిపించకున్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి, వాపు గంటల తర్వాత లోపల రావొచ్చు.

పంచాయితీ పెట్టొద్దు. పెద్దమనుషుల ముందు ఇద్దరినీ కూర్చోబెడితే ఆమె నిజం చెప్పలేదు, చెప్పిందానికి ఇంటికి పోయాక శిక్ష పడుతుంది. ఏం చేయాలన్నది ఆమే నిర్ణయించుకోవాలి. ఉండాలనుకుంటే ఉండేలా, పోవాలనుకుంటే పోయేలా ఏర్పాటు చేయడం మన పని.

కాగితాలు – ఆధార్, బ్యాంకు పుస్తకం, పట్టా పాస్‌బుక్ నకలు, పిల్లల సర్టిఫికెట్లు – ఇంకొకరి ఇంట్లో దాచుకోమనండి. ఒక సంకేతం పెట్టుకోండి. పెరుగు తోడు అడగడం మంచిది: ‘వదినా, తోడుంటే కొంచెం పంపు’ అని పిల్లతో గిన్నె పంపిస్తే ఎవరికీ అనుమానం రాదు. గిన్నె వచ్చిందంటే తోడుగా ఇద్దరు బయల్దేరాలి. సంకేతం బృందంలో కూడా అందరికీ తెలియనక్కర్లేదు.

181 మహిళా హెల్ప్‌లైన్ పగలూ రాత్రీ పనిచేస్తుంది. జిల్లాలోని సఖి కేంద్రంలో ఉండడానికి చోటు, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం భార్యకే కాదు, తల్లికీ, చెల్లికీ, కలిసి బతికే మనిషికీ వర్తిస్తుంది. ఇల్లు ఆమె పేరున లేకున్నా అందులో ఉండే హక్కు ఉంది. ఈ చట్టం కింద ఉండే రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెడితే మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణకు రావాలి.

ఇప్పుడే కొడుతుంటే? అర్ధరాత్రి?

ఒక్కరే పోవద్దు, ముగ్గురికి తగ్గొద్దు. ఒకరు 112కు ఫోన్ చేస్తూ వెనక ఉండాలి. తలుపు తట్టి అగ్గిపెట్టో, జ్వరం బిళ్లో అడగండి. చాలాసార్లు ఆ ఆటంకమే ఆ క్షణానికి దెబ్బను ఆపుతుంది. మధ్యలో నిలబడొద్దు, అతని మీద చెయ్యి వేయొద్దు. ఆమెను, పిల్లలను బయటికి పిలవండి. ఆయుధం ఉంటే లోపలికి పోకుండా పళ్లేలు మోగించి వాడకట్టును లేపండి.

పత్తి ఊళ్లలో గొడవ తర్వాత వచ్చే ఇంకో ప్రమాదం ఇంట్లోనే మూలన ఉంటుంది. ఆ సీజన్లో పురుగుల మందు డబ్బాలను ఇంట్లో కాకుండా తాళం వేసిన ఒక్క చోట ఉంచేలా వాడకట్టుకు ఒప్పందం చేసుకోండి. ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు, పేడనీళ్లు పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేసి, మందు డబ్బా వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు ఇవ్వగలడు.

లైంగిక దాడి జరిగితే?

మొదట ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటయినా వెంటనే ఉచితంగా చూడాలి, కాదంటే నేరం. ఎఫ్‌ఐఆర్ తెమ్మని తిప్పి పంపడానికి లేదు. గర్భం రాకుండా బిళ్ల 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. హెచ్‌ఐవీ రాకుండా మందులు వీలైతే రెండు గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు. స్నానం చేయకపోతే, బట్టలు ఉతక్కపోతే సాక్ష్యం నిలుస్తుంది. విడిచిన బట్టలు కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో చెమ్మపట్టి పాడవుతాయి. ఆమె ఇప్పటికే స్నానం చేసేసిందని మాత్రం నిందించొద్దు, పరీక్ష అయినా చేస్తారు. పరీక్షకు ఆమె ఒప్పుకోలు తప్పనిసరి. రెండు వేళ్ల పరీక్ష చేయరాదని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది.

దారులు మునిగి మీ ఠాణాకు పోలేకపోతే ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, నకలు ఉచితం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయితే తెలిసినవాళ్లు చెప్పి తీరాలని పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక దాడుల చట్టం) అంటుంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. పేరు ఎక్కడా బయటపెట్టొద్దు, వాట్సాప్‌లో ఊరి పేరు కూడా పెట్టొద్దు.

కరువొచ్చినప్పుడు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేస్తరు. అది కూడా అత్యవసరమేనా?

అత్యవసరమే. పంట పోయిన ఏడు తల్లిదండ్రులు వలస పోతూ, పిల్లను ఎవరి దగ్గర వదలాలో తోచక పెళ్లి చేసేస్తారు. భయం నిజమైనది, దానికి జవాబు ఇవ్వకుండా పెళ్లి ఆపితే వచ్చే నెల వేరే ఊళ్లో చేస్తారు. కస్తూర్బా బళ్లో, సంక్షేమ హాస్టల్లో సీటు ఇప్పించడం అసలు పని. పెళ్లి తేదీ పడితే అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారికి, 1098కు చెప్పండి. చెప్పిందెవరో బయటికి రానివ్వొద్దు. వలసకు ముందు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ పేరు, పోయే చోటు, ఇచ్చిన అడ్వాన్సు ఒక కాగితంమీద రాయించి బృందం దగ్గర ఉంచండి.

పరిహారం రాకుండా ఎక్కడ పోతుంది?

ఫొటో దగ్గర. కూలిన గోడ తీసేయకముందే, మనిషి పక్కన నిలబడి ఫొటో తీయాలి. గొడ్డు చస్తే పాతిపెట్టకముందే పశువైద్యుడితో పోస్టుమార్టం కాగితం. 2022–26 కేంద్ర ప్రమాణాల ప్రకారం మనిషి ప్రాణానికి 4 లక్షలు, పాలిచ్చే బర్రెకు 37,500, మేకకో గొర్రెకో 4,000. వడదెబ్బ మరణమయితే దహనానికి ముందే పీహెచ్‌సీ డాక్టరుకు, తహసీల్దార్‌కు తెలియజేయాలి. కాగితం లేకుంటే వయసుతో పోయినట్టే రాస్తారు. పంచనామాలో ఇంట్లో ఉండే ఆడమనిషి పేరు రాయమనండి, డబ్బు ఆమె ఖాతాలో లేదా ఇద్దరి జాయింటు ఖాతాలో పడేలా దరఖాస్తులోనే అడగండి. పడ్డ తర్వాత అడిగితే గొడవే మిగులుతుంది.

ఖర్చు ఎక్కడిది? మగవాళ్లను రానియ్యరా?

ఇరవై సంఘాలున్న ఊళ్లో సంఘానికి 500 చొప్పున తీస్తే పది వేలు. అందులో తాడు, టార్చీలు, బోల్టులు, ఓఆర్‌ఎస్ కొన్నాక, కనీసం నాలుగు వేలు నగదుగా ఉంచండి. అర్ధరాత్రి ఆటోకు ఖాతాలో డబ్బు పనికిరాదు. ఇద్దరి సంతకంతో తియ్యాలి, ఎవరికోసం అన్నది పుస్తకంలో ‘ప్రయాణం’ అని మాత్రమే పడాలి.

మగవాళ్లు కావాలి: ఈత వచ్చినవాళ్లు, ట్రాక్టర్ నడిపేవాళ్లు, లైన్‌మన్. నిర్ణయం మాత్రం బృందానిది. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే అయినా సర్పంచ్ భర్త కుర్చీలో కూర్చునే ఊళ్లు ఉన్నాయి. కాగితం మీద సంతకం ఆమె చేతనే, ఆమె చదివాకే పెట్టించండి. ఇంకొకటి: విపత్తు రాగానే ఆడవాళ్ల బృందాన్ని వంటకు పంపుతారు. వందమందికి ఒక పూటకు 15–20 కిలోల బియ్యం వండడం కూలి పని, పంచాయతీ కూలి ఇచ్చి మనుషులను పెట్టాలి. బృందం పొయ్యి దగ్గర ఉంటే తలుపులు తట్టేది ఎవరు?

ఎన్నాళ్లకోసారి సాధన చెయ్యాలె?

ఏడాదికి రెండుసార్లు, ఒకసారి తప్పకుండా చీకటి పడ్డాక, కరెంటు తీసేసి. చివరి ఇంటి తలుపు తట్టేసరికి ఎంత సేపయిందో గడియారం పెట్టి రాసుకోండి. నలభై నిమిషాలు దాటితే ఇళ్లు ఎక్కువ పంచారని అర్థం, ఇంకో ఇద్దరిని కలపండి.